ముగింపు తెలిస్తే చాలునా?

"ఏమండీ, ఈ కథ చివరికి ఏమవుతుందో మీకైనా తెలుసా?" ధారావాహికలు రాసే మాబోటివాళ్ళకు పాఠకుల నుంచి తప్పని ప్రశ్న ఇది. తెలుసుననే అంటాం. తెలిస్తే చాలునా అన్నది వేరే సంగతి. అమెరికన్ రచయిత రాబర్ట్ జోర్డన్ విషయమే తీసుకోండి.

ఆయన అద్భుతగాథ 'ది వీల్ ఆఫ్ టైమ్' మొదటి పుస్తకం 1990లో వచ్చింది. ఆఖరి ఘట్టం మొదటినుంచీ తన మనసులో ఉందని ఆయన చెబుతూనే వచ్చాడు. గమ్యం తెలిసిన బాటసారికి తొందర ఉండదు కాబోలు! చెట్టు కనిపిస్తే నీడన కూర్చున్నాడు, ఊరు కనిపిస్తే బస చేశాడు. తొమ్మిదో పుస్తకం చివర ఒక మహాద్భుతం జరిగింది కదా, ఆ వేళకి మిగతావాళ్ళు ఎక్కడ ఏంచేస్తున్నారో చెప్పడంతోనే 2003లో వచ్చిన పదో పుస్తకం చాలామటుకు నిండిపోయింది. ఆ దుస్తుల వర్ణనలు చదివీ చదివీ ఆడదాన్ని, నాకే విసుగొచ్చింది!

పన్నెండోది ఆఖరిదన్నాడు. ఈలోగా గుండెజబ్బు. 2007 సెప్టెంబరులో 58వ ఏట కన్నుమూశాడు. నోట్సులూ, తాను రాసిపెట్టిన ఆఖరి ఘట్టమూ మిగిలాయి. ఆయన భార్య హారియెట్ మెక్‌డూగలే ఆయన పుస్తకాలకు సంపాదకురాలు. ఆవిడ మిగతా పని బ్రాండన్ శాండర్సన్ అనే యువ రచయితకు అప్పగించింది. ఒక్క పుస్తకమనుకున్నది మూడై, 2013లో 14వ సంపుటితో కథ కంచికి చేరింది.

నన్నయ వదిలిన భారతాన్ని తిక్కన, ఎర్రన పూర్తి చేయలేదా అంటారేమో. వాళ్ళకు వ్యాసుడి కథ ఎదురుగా ఉంది. ఇక్కడ దారంతా ఒక్కడి బుర్రలోనే ఉండిపోయింది.

అందుకే అతుకు కనిపిస్తుంది. మాట్ అనే కొంటె కుర్రాడి హాస్యం 12వ పుస్తకంలో మరెవరి గొంతులోనో వినిపిస్తుంది. చివరి పేజీలకొచ్చేసరికి మళ్ళీ పాత గొంతు. మహాయుద్ధం ముగిశాక నాయకుడు ఆర్భాటం లేకుండా గుర్రమెక్కి ఒంటరిగా వెళ్ళిపోతాడు. ఒకటి రెండు ముడులు విప్పకుండానే వదిలేశాడు రచయిత. నాకది నచ్చింది. ఆ ఘట్టం ముందే మనసులో లేకపోతే మనకింత మాత్రమూ దక్కేది కాదు.

అయినా మనసొప్పదు. 1990లో మొదలుపెట్టినవాళ్ళు ఆ పేజీ కోసం 23 ఏళ్ళు ఎదురుచూశారు. అది చూడకుండానే వెళ్ళిపోయినవాళ్ళు ఎందరో! ఆయుష్షుకి లెక్క రచయితకే కాదు, పాఠకుడికీ ఉంటుంది కదా.