ఆ బొమ్మ దగ్గర ఆగడం

కాల్పుల్లోనో, మూకదాడిలోనో మనిషి చనిపోయినప్పుడు చాలాసార్లు అయినవారెవరూ పక్కన ఉండరు కనుక, తాము చూడని ఆ ఆఖరి క్షణాలను వారి మనసు తనంతట తానే ఊహించుకుని పగలూ రాత్రీ కళ్లముందు తిప్పుతూ ఉంటుంది. అమెరికాలోని సియాటిల్‌కు చెందిన మానసిక వైద్యుడు ఎడ్వర్డ్ రైనర్సన్, భార్య ఆత్మహత్యతో తానూ ఇటువంటి శోకాన్ని అనుభవించినవారు, దీనికి 'రెస్టోరేటివ్ రీటెల్లింగ్' అనే చికిత్సను, అంటే జరిగినదాన్ని తిరిగి చెప్పించి మనిషిని నిలదొక్కుకునేలా చేసే పద్ధతిని రూపొందించి, హింసాత్మక మరణాల గురించి 2001లో పుస్తకం వెలువరించారు.

పది వారాలపాటు బృందంగా సాగే ఈ చికిత్సకు వరుసక్రమమే ప్రాణం. మొదట మనసు కుదుటపరచుకునే మార్గాలు నేర్పుతారు. తరువాత పోయినవారి ఫొటోలు, వస్తువులు తెచ్చి వారెలా బతికారో చెప్పమంటారు. ఎలా పోయారన్నది ఆ పైన గాని రాదు, అదీ తలలో తిరుగుతున్న దృశ్యాన్ని కాగితం మీద గీసి చూపడం ద్వారా.

ఈ చికిత్స చేసే కౌన్సెలర్లకు ఇచ్చే శిక్షణలో కష్టమైన ఘట్టం ఇదే. రోడ్డు మీద పడి ఉన్న కొడుకు బొమ్మను ఒక తల్లి గీసి చూపినప్పుడు, కొత్త కౌన్సెలర్ "ఊరుకోండమ్మా" అంటూ మాట మార్చబోవడం సహజమే గాని, ఆ తొందర చాలాసార్లు బొమ్మను చూడలేని తన నిస్సహాయత నుంచే పుడుతుంది. అక్కడ ఆగి, "ఇందులో మీరెక్కడున్నారమ్మా?" అని అడగడం నేర్చుకోవాలి. "వాడి తల ఒళ్లో పెట్టుకుని కూర్చునేదాన్ని" అని ఆమె అనగలిగితే, దిక్కులేని చావుగా కనిపిస్తున్న దృశ్యంలోకి తల్లి వచ్చి చేరుతుంది.

ఏడ్చే ప్రతివారూ రోగులు కారన్న వివేకం కూడా శిక్షణలో భాగమే. తగ్గని శోకాన్ని రుగ్మతగా గుర్తించడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణ ఐసీడీ-11 కనీసం ఆరు నెలలు, అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 2022 నాటి రోగనిర్ధారణ గ్రంథం పెద్దవారి విషయంలో ఏడాది గడవాలంటాయి. అటువంటివారి కోసం అమెరికన్ మానసిక వైద్యురాలు కేథరిన్ షియర్ రూపొందించిన పదహారు విడతల చికిత్సలో, మరణవార్త విన్న క్షణాన్ని కళ్లు మూసుకుని చెప్పించి, ఆ రికార్డింగును ఇంటి దగ్గర వినమంటారు. 2005లో వెలువడిన ఆమె పరిశోధనలో ఈ తరహా చికిత్సతో 51 శాతం మందికి, ఇతరులతో సంబంధాలపై దృష్టి పెట్టే ఇంటర్‌పర్సనల్ మనోచికిత్సతో 28 శాతం మందికి మేలు కలిగింది.

హింస జరిగిన ఊళ్లోనే కౌన్సెలర్ కూడా కాపురం ఉంటారు, చనిపోయినవారిలో తెలిసినవారూ ఉండవచ్చు. అందుకే రెండు రోజుల వర్క్‌షాప్, చేతికొక సర్టిఫికెట్ చాలవు. వారు చేసిన చికిత్సను అనుభవజ్ఞులు నెలల తరబడి వింటూ సరిదిద్దాలి, వారి దుఃఖాన్నీ వినాలి. శిక్షణకు డబ్బు కేటాయించే ప్రభుత్వాలు, సంస్థలు ఈ పర్యవేక్షణ ఖర్చును మొదటి రోజే లెక్కలో రాసుకోవాలి.