దండక్ గుహ వాన లెక్క

సైన్స్ పేపర్‌ని సాహిత్యం పేజీలోకి లాక్కొచ్చి విమర్శించడమేంటి అనొచ్చు. కానీ ఆశిష్ సిన్హా, సహచరులు 2007లో జియోఫిజికల్ రీసెర్చ్ లెటర్స్‌లో వేసిన వ్యాసంలో ఒక కథ ఉంది. ఆ కథని పట్టుకుని తరవాత అల్లుకున్న కథలు ఇంకా ఎక్కువ. వాటన్నిట్లోనూ జనం చచ్చిపోతారు. ఎందుకు చచ్చిపోయారన్న దగ్గరే నాకు పేచీ.

దండక్ గుహ బస్తర్‌లో, కాంగేర్ లోయ సున్నపురాయి కొండల్లో ఉంది. మనకి మరీ పరాయిదేం కాదు. అక్కడి కాంగేర్ నది కొలాబ్‌లో కలుస్తుంది, కొలాబ్ మన దగ్గరికొచ్చేసరికి శబరి అవుతుంది, కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. ఆ గుహలోంచి ఒక స్టాలగ్మైట్‌ని తీసి, కోసి చదివారు. గుహ నేల మీంచి పుట్టలా లేచే సున్నపు దిమ్మె అది. బొర్రా గుహల్లో లింగమని మనం దణ్ణం పెట్టేదీ ఆ జాతిదే. (బొర్రా గుహల్ని 1807లో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా అధికారి కనిపెట్టాడని టూరిజం రాతలు చెబుతుంటాయి. ఆ సంస్థ పుట్టిందే 1851లో. రాయి చెప్పేదాన్ని అనుమానించేవాళ్లు బోర్డు చెప్పేదాన్ని మాత్రం ఇట్టే నమ్మేస్తారు.)

రాయి చదవడం ఇలా. వాన నీరు మట్టిలోంచి ఇంకుతూ పులుపెక్కి, సున్నపురాయిని కరిగించుకుని గుహ కప్పు నుంచి చుక్కలుగా పడుతుంది. చుక్క చుక్కకీ కాస్త సున్నం పేరుతుంది. ఆ సున్నంలో ఆక్సిజన్-18 అనే బరువు ఆక్సిజన్ పాలు తగ్గితే నైరుతి బాగా కురిసిందని, పెరిగితే మొహం చాటేసిందని లెక్క. ఏ పొర ఏ కాలానిదో యురేనియం, థోరియం నిష్పత్తి చెబుతుంది. అలా క్రీ.శ. 600 నుంచి 1500 దాకా తొమ్మిది వందల ఏళ్ల వానని గీతగా గీశారు. పద్నాలుగో శతాబ్దం నుంచి పదిహేను నడిమి దాకా వానలు బలహీనపడ్డ కాలం అందులో కనిపిస్తుంది. 1396లో మొదలై పన్నెండేళ్లు నడిచిందని చెప్పుకునే దక్కన్ దుర్గాదేవి కరువు ఆ కాలంలోదే. జనం నోట బతికిన ఒక పేరుకి రాయి సాక్ష్యం పలకడం! ఇది చదివినప్పుడు ఒళ్లు జలదరించకపోతే మనం పాఠకులమే కాదు.

చిక్కల్లా ఆ తరవాత వచ్చే వాక్యంతో. కరువులు వానలు తగ్గిన కాలాల్లో పడ్డాయని వ్యాసం అంటుంది. దాన్ని తిరిగి చెప్పేవాళ్ల చేతిలో అది 'వాన తగ్గింది కాబట్టి జనం పోయారు' అయిపోతుంది. రెండూ ఒకటి కాదు.

నందన కరువునే చూడండి. 1832-33, గుంటూరు సీమ. దండక్ గీత అప్పటికి మూడు శతాబ్దాల ముందే ఆగిపోయింది, అయినా ఏ గుహలోనైనా ఆ ఏడాది దొరికిందనుకుందాం. వాన పడలేదని చెబుతుంది, నిజమే చెబుతుంది. కానీ జిల్లాలో అయిదు లక్షల మంది ఉంటే లక్షన్నర పైనే పోయారని అంటారు. ధాన్యం వ్యాపారంలో వేలు పెట్టకూడదన్న కంపెనీ నీతి, కట్టితీరాల్సిన శిస్తు ఏ ఆక్సిజన్‌లోనూ కనబడవు. పక్కనే కృష్ణ పారుతున్నా, దాన్ని పొలాలకి మళ్లించే బెజవాడ ఆనకట్ట 1855కి గానీ పూర్తవలేదు. గుహ గీతని కావలి సోదరులు మెకంజీ కోసం పోగుచేయించిన కైఫీయతుల పక్కన పెట్టి చదివే పని మన చరిత్రకారులు చెయ్యాలి. రాయి ఒక్కదాన్నీ సాక్షిగా నిలబెడితే దొరతనం నిర్దోషిగా బయటికి నడుస్తుంది.

సరే, పాత సంగతి. నూజివీడు మామిడి తోటలోంచి చూస్తే ఇదే ఇబ్బంది ఇంకో రకంగా కనిపిస్తుంది. అక్కడ ఏడాది మొత్తంలో ఎన్ని మిల్లీమీటర్లు పడిందన్నది సగం మాటే, ఎప్పుడు పడిందన్నది మిగతా సగం. వర్షాలు వెనకబట్టాక చెట్టుకి కొన్ని వారాల ఎండుదనం, చలి కావాలి. నవంబరు, డిసెంబరుల్లో ముసురు పట్టిందా, పూత రావాల్సిన కొమ్మకి లేత చిగురొస్తుంది. పిందె కాయయ్యాక ఒక్క సాయంత్రం ఈదురుగాలి చాలు, తోట కింద కాయ పరుచుకోడానికి. చుక్క గుహలోకి దిగేలోపు మట్టిలో, రాతి పగుళ్లలో పాత నీళ్లతో కలిసిపోతుంది. ఆ ఈదురుగాలి సాయంత్రం ఊసు రాయికి ఎక్కదు.

ఇప్పుడు పంట పోయినా, ధర పోయినా 'క్లైమేట్ చేంజ్' అనేస్తున్నారు. వాతావరణం మారుతున్న మాట నిజమే, నేను దాన్ని కాదనడం లేదు. కానీ రైతు నష్టంలో వానది ఎంత, మార్కెట్‌ది ఎంత అని విడదీసి రాసేవాళ్లు తక్కువ. చిన్నరసాలు విరగకాసి, ధర పడిపోయి, కోత కూలి కూడా గిట్టదని కాయని చెట్టు మీదే వదిలేసిన తోట ఉందనుకోండి. గుహ లెక్కలో అది మంచి ఏడాదే.