వెనకబడ్డది ఎవరు? - వ్యవసాయ వ్యాప్తి పరిశోధనపై ఒక విమర్శ

వ్యవసాయ విస్తరణ చదివిన ప్రతి విద్యార్థికీ ఒక గంట ఆకారపు గీత కంఠతా వచ్చు. అమెరికా సామాజిక శాస్త్రవేత్త ఎవరెట్ రోజర్స్ 1962లో రాసిన ‘డిఫ్యూజన్ ఆఫ్ ఇన్నోవేషన్స్’తో అది ప్రపంచమంతా పాకింది. ఒక కొత్త విత్తనమో ఎరువో ఊళ్లోకి వస్తే అందరికంటే ముందు అందుకునేవాళ్లు నూటికి రెండున్నర మంది. వాళ్ల వెనక 13.5 శాతం, తర్వాత 34, మళ్లీ 34. చివరికి మిగిలే 16 శాతానికి ఆయన పెట్టిన పేరు ‘లాగార్డ్స్’. మన క్లాసురూముల్లో వాళ్లు వెనకబడ్డవాళ్లు, మందకొడి రైతులు. ముందున్నవాళ్లకి భూమి, చదువు, పట్నంతో రాకపోకలు ఎక్కువ. వెనకున్నవాళ్లకి అవి తక్కువ, అందుకే పాతని పట్టుకు వేళ్లాడతారు. పాఠం ఇంతే.

ఆ గీత చివరి కొసలో ఎవరుంటారో తెలుసుకోవాలంటే పుస్తకం అక్కర్లేదు. ఏలూరు నించి తాడేపల్లిగూడెం దాకా ఏ ఊళ్లో దిగినా చాలు. కాలవ గట్టు దాటి మాలపేట, మాదిగపేట వైపు నడిస్తే సరిపోతుంది. అయితే మా అభ్యంతరం ‘వెనకబడ్డవాళ్లు’ అనే పేరు మీద మాత్రమే కాదు. పేరు మారిస్తే పోయే జబ్బు కాదిది. ఈ పరిశోధన అసలు ‘రైతు’ అని ఎవరిని లెక్కపెట్టిందో, ఎవరిని లెక్కలోకే తీసుకోలేదో అక్కడుంది అసలు తప్పు. ఈ వ్యాసంలో మేము చెప్పదలచింది ఆ సంగతే.

ఈ పరిశోధన పుట్టిన చోటికి వెళ్దాం. రయన్, గ్రాస్ అనే ఇద్దరు పరిశోధకులు అమెరికాలో అయోవా రాష్ట్రపు రైతుల్లో సంకర మొక్కజొన్న విత్తనం ఎలా వ్యాపించిందో పరిశీలించి 1943లో ప్రచురించారు. వాళ్లు లెక్కలోకి తీసుకున్నది 259 మంది రైతుల్ని. ఎవరు ఏ ఏడాది కొత్త విత్తనం వేశారు, ఎవరి మాట విని వేశారు అన్నవే ముఖ్యమైన ప్రశ్నలు. ఆ ప్రశ్నలు అక్కడికి సరిపోయాయి. ఎందుకంటే అయోవా రైతు తన పొలం గురించి తనే నిర్ణయం తీసుకుంటాడు, చాలా మటుకు తనే దున్నుతాడు, తనే విత్తుతాడు. నిర్ణయించేవాడు, పనిచేసేవాడు ఒకడే.

గోదావరి డెల్టాలో ఆ ఒక్క మనిషి ముగ్గురు. పట్టా ఒకరిది, కౌలు ఇంకొకరిది, చాకిరీ మరొకరిది. పట్టాదారు ఏలూరులోనో హైదరాబాదులోనో, ఒక్కోసారి అమెరికాలోనే ఉంటాడు. కౌలుదారు నోటిమాట మీద సాగు చేస్తాడు. నాటేదీ, కలుపు తీసేదీ, కోసేదీ ఎక్కువగా దళిత స్త్రీలు. ఈ ముగ్గురి నడుమ ఉన్నది కులం. అయోవాలో తయారైన కొలబద్దని యథాతథంగా ఇక్కడికి తెచ్చి ‘రైతుగారూ, మీరు ఎప్పుడు స్వీకరించారు?’ అని అడిగితే జవాబిచ్చేది ఎవరు? అరుగు మీద కూచున్నవాడు.

పశ్చిమ గోదావరి ఈ ప్రయోగాలకి కొత్త కాదు. 1959లో ఫోర్డ్ ఫౌండేషన్ నిపుణుల బృందం దేశపు ఆహార సంక్షోభం మీద నివేదిక ఇచ్చింది. 1960-61లో సాంద్ర వ్యవసాయ జిల్లా పథకం మొదలైంది. జనం నోట అది ‘ప్యాకేజీ ప్రోగ్రాం’. మొదట ఎంచుకున్న ఏడు జిల్లాల్లో పశ్చిమ గోదావరి ఒకటి. ఎందుకంటే ఇక్కడ నీటికి భరోసా ఉంది. విత్తనం, ఎరువు, పురుగుమందు, అప్పు - అన్నీ ఒక మూటగా కట్టి ఇస్తే దిగుబడి పెరుగుతుందన్నది సూత్రం. ముందే కలిగినచోట ఇంకా పెట్టడమన్నమాట. జిల్లాల మధ్య పాటించిన ఆ సూత్రమే ఊళ్లో మనుషుల మధ్యా పనిచేసింది. అప్పు కావాలంటే కాగితం కావాలి, కాగితం కావాలంటే భూమి కావాలి.

1968లో హైదరాబాదులోని జాతీయ సమాజాభివృద్ధి సంస్థ నించి వ్యాప్తి అధ్యయనాలు వెలువడ్డాయి. ఆంధ్రప్రదేశ్, మహారాష్ట్ర, పశ్చిమ బెంగాల్‌లలో 108 గ్రామాలు తీసుకుని కొత్త పద్ధతులు ఎక్కడ నిలిచాయి, ఎక్కడ నిలవలేదు అని చూశారు. రోజర్స్ బృందానికి ఈ పనితో సంబంధం ఉంది. ఇలాంటి అధ్యయనాల్లో కులం అసలు కనపడదని మేము అనడం లేదు. కనపడుతుంది. వయసు, చదువు, రేడియో వినడం పక్కన మరో గడిగా కనపడుతుంది. కానీ కులం గడి కాదు. ఎవరు రైతు, ఎవరు కూలి అని ముందే తేల్చేసి ఆ పట్టికకి గీతలు గీసింది కులమే.

ఇక్కడ మా అనుభవం ఒకటి చెప్పక తప్పదు. మేమూ ఒకప్పుడు ఇలాంటి ప్రశ్నావళి పట్టుకునే ఈ డెల్టా ఊళ్లకి వెళ్లాం. ఒక పేటలో వయసు మళ్లిన ఓ అమ్మ ముందు కూచున్నాం. మూడో ప్రశ్న సాగు భూమి ఎంత అని. లేదంది. ‘లేదు’ అయితే ధన్యవాదాలు చెప్పి తర్వాతి ఇంటికి వెళ్లమని మాకిచ్చిన సూచన. వెళ్లిపోయాం. ఆ ఊరి పొలాల్లో దిగిన ప్రతి వరి రకాన్నీ చేత్తో నాటిన మనిషిని రెండు నిమిషాల్లో ముగించి వచ్చేశాం. మేమూ ఆ పేటల బిడ్డలమే. అయినా కాగితం చెప్పినట్టే నడిచాం. ఈ విమర్శలో మాకూ వాటా ఉంది.

ఆమె చేతుల సంగతి చూద్దాం. 1950లలో ప్రభుత్వం జపాన్ పద్ధతి వరి సాగుని ప్రచారం చేసింది. తాడు పట్టి వరసగా నాటడం అందులో ముఖ్యం. వంగి, అడుగు అడుగు వెనక్కి వేస్తూ దూరం కొలుచుకుని నాటిందెవరు? ఆ నైపుణ్యం ఎవరి నడుముకి, ఎవరి వేళ్లకి వచ్చింది? పట్టికలో మాత్రం ‘వరస నాట్లు: స్వీకరించారు’ అని మోతుబరి పేరుకి ఎదురుగా టిక్కు పడింది. బురదలో కాలు పెట్టనివాడు అభ్యుదయ రైతు అయ్యాడు.

విత్తనాల కథా ఇంతే. 1925లో మొదలైన మారుటేరు పరిశోధనా కేంద్రం 1982లో ఎంటీయూ 7029ని విడుదల చేసింది. అదే స్వర్ణ. వశిష్ట, మసూరి రకాల సంకరం. అది డెల్టా దాటి ఒడిశా, బెంగాల్, బీహార్ దాకా, బంగ్లాదేశ్ దాకా పోయింది. ఏలూరు-తాడేపల్లిగూడెం దారిలోనే ఉన్న పుళ్ల కేంద్రం ముంపు పల్లాల కోసం పీఎల్ఏ 1100 ఇచ్చింది. జనం దాన్ని బాడవ మసూరి అంటారు. శాస్త్రవేత్తల కృషిని తక్కువ చేయడం మా ఉద్దేశం కాదు. కానీ మూట విప్పి మడిలో చల్లినంత మాత్రాన విత్తనం వ్యాపించదు. నారు ఎన్ని రోజులకి తీయాలి, కుదురుకి ఎన్ని మొక్కలు పెట్టాలి, ఏ రకం ఎక్కడ పడిపోతుంది - ఈ తెలివంతా పాలేర్ల నోటా కూలి ముఠాల నోటా పొలం నించి పొలానికి నడిచింది. వ్యాప్తి పరిశోధన దీన్ని చూడలేదు. దాని లెక్కలో సమాచారం ఆఫీసరు నించి మోతుబరికి, మోతుబరి నించి మిగతావాళ్లకి కిందికి జారుతుంది తప్ప కిందినించి పైకి పోదు.

మరి నిజంగానే కొత్తదాన్ని తీసుకోని దళిత కౌలుదారు మాటేమిటి? ఆయిల్‌పామ్ సంగతి తీసుకుందాం. ఏలూరు పక్కన పెదవేగిలో 1995లో దీనికోసం జాతీయ పరిశోధనా కేంద్రమే వచ్చింది. తోట కాపుకి రావడానికి మూడు నాలుగేళ్లు పడుతుంది, తర్వాత పాతికేళ్లు నిలబడుతుంది. కౌలుదారు చేతిలో ఉన్నదేమిటి? 2011 చట్టం రుణ అర్హత కార్డు అంది. 2019 చట్టం సాగుదారు హక్కు పత్రం అంది. ఆ పత్రం గడువు 11 నెలలు, అదీ భూయజమాని సంతకం పెడితేనే. సంతకం పెడితే భూమి పోతుందేమోనని యజమాని భయం. అడిగితే వచ్చే ఏడు కౌలే పోతుందని కౌలుదారు భయం. 11 నెలల కాగితం మీద పాతికేళ్ల చెట్టు నాటనివాడు మందకొడివాడా, లెక్క తెలిసినవాడా? తాడేపల్లిగూడెం దగ్గర వెంకట్రామన్నగూడెంలో 2007 నించి ఉద్యాన విశ్వవిద్యాలయం ఉంది. అక్కడి విద్యార్థులు ఈ ప్రశ్న వేసుకోవాలని మా కోరిక.

దీని పక్కనే ఇంకో ‘తీసుకోకపోవడం’ పెట్టి చూడండి. 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు గిట్టుబాటు లేదని వరి వేయడమే మానేశారు. దాన్ని ‘క్రాప్ హాలిడే’ అన్నారు. ప్రభుత్వం మోహన్ కందా అధ్యక్షతన కమిటీ వేసి కారణాలు అడిగింది. అడగాల్సిందే. ఆ రైతుల కష్టం అబద్ధం కాదు, అందులో కౌలుదారుల నష్టమూ ఉంది. కానీ చూడండి - భూమి ఉన్నవాడు కాదంటే అది నిరసన, కమిటీకి అర్హం. పేటవాడు కాదంటే అది అజ్ఞానం, శిక్షణకి అర్హం. కాదనడం కూడా ఆలోచించి తీసుకున్న నిర్ణయమేనని ఒకరి విషయంలో ఒప్పుకుని ఇంకొకరి విషయంలో ఎందుకు ఒప్పుకోరు?

వరికోత యంత్రం గురించి మాట్లాడకుండా ఈ చర్చ పూర్తి కాదు. గంట ఆకారపు గీత ప్రకారం అది ఘనవిజయం. అది వేగంగా వచ్చింది, దాదాపు అందరూ తీసుకున్నారు. కాని కోతకాలం కూలి మీద, కళ్లం గింజల మీద ఏడాది తిండి లెక్క చూసుకున్న ఆడకూలీలు ఆ గీతలో ఎక్కడున్నారు? వాళ్లు ముందు తీసుకున్నవాళ్లూ కాదు, వెనక తీసుకున్నవాళ్లూ కాదు. వాళ్ల పనినే తీసేసుకున్నారు. 1960లలో కాలిఫోర్నియాలో టమాటా కోత యంత్రం వచ్చినప్పుడూ వేలాది కూలీలు ఇలాగే పని పోగొట్టుకున్నారు.

రోజర్స్‌కి ఈ సంగతి తెలియకపోలేదు. 1976లో తన పాత అభివృద్ధి నమూనా కాలం చెల్లిందని ఆయనే రాశారు. 1983 నాటి మూడో ముద్రణలో రెండు దోషాలు ఒప్పుకున్నారు: కొత్తదల్లా మంచిదే అనుకోవడం, తీసుకోకపోతే తప్పు మనిషి మీద వేయడం. నిజాయితీగల మాటే. అయినా ‘లాగార్డ్స్’ పుస్తకంలో అలాగే ఉంది. మన సిలబస్‌లలోకి గీత వచ్చినంత తేలిగ్గా ఆ ఒప్పుకోలు రాలేదు. పశ్చిమ గోదావరితో సహా ఐదు జిల్లాలు తిరిగి, హరిత విప్లవపు లాభాలు ఎవరికి దక్కాయని 1971లో పుస్తకం రాసిన ఫ్రాన్సిన్ ఫ్రాంకెల్ రాజకీయ శాస్త్రజ్ఞురాలు. వ్యాప్తి పరిశోధకులు అడగాల్సిన ప్రశ్న పక్క శాఖ నించి రావలసివచ్చింది.

డెల్టా పల్లంలోకి, కొల్లేరులోకి దిగితే ఇదే కథ తిరగబడి కనిపిస్తుంది. 1970ల నడుమ ప్రభుత్వం మత్స్యకారులతో, షెడ్యూల్డు కులాలవాళ్లతో సహకార సంఘాలు పెట్టించి సరస్సులో చేపల చెరువులు తవ్వించింది. బొచ్చె, శీలావతి పెంపకం నేర్పడం లక్ష్యం. కాగితం మీద వడ్డీలూ దళితులే ‘స్వీకర్తలు’. కాని మేతకి, పిల్లకి, గట్లకి పెట్టుబడి ఎక్కడిది? చెరువులు లీజు పేరుతో డబ్బున్న బయటివాళ్ల చేతుల్లోకి పోయాయి. సంఘ సభ్యుడు తన చెరువుకే కాపలావాడయ్యాడు. పైగా చేపల చెరువుకి నాట్లు లేవు, కలుపు లేదు, ఆడకూలీకి పనే లేదు. 1999లో ఐదో కాంటూరు దాకా అభయారణ్యం అన్నారు, 2002లో రామ్సర్ గుర్తింపు వచ్చింది, 2006లో గట్లు తెగ్గొట్టారు. సరస్సుని కాపాడాల్సిందే. అయితే లాభం లీజుదారు తీసుకున్నాక ఆక్రమణ నింద సంఘం పేరు మీద మిగిలింది. వరిచేలో చెయ్యి మనది, పేరు వాళ్లది. కొల్లేటి చెరువులో పేరు మనది, చెరువు వాళ్లది. రెండుచోట్లా ‘ఎవరు స్వీకరించారు?’ అన్న ప్రశ్నకి రికార్డు ఇచ్చే జవాబు తప్పే.

అందుకని ఈ జిల్లాల్లో ప్రాజెక్టు పనికి వెళ్లే విద్యార్థులకి మా సూచన ఇది. ‘ఎప్పుడు స్వీకరించారు’ అనే ఒక్క గడి చోట ఐదు గడులు గీయండి. నిర్ణయం ఎవరిది? చెయ్యి ఎవరిది? కాగితం మీద పేరు ఎవరిది? దీనివల్ల ఎవరి పని పోయింది? తీసుకుని మానేసినవాళ్లు, అసలు తీసుకోనివాళ్లు చెప్పే కారణమేంటి? సర్వే ఊరి అరుగు మీద కాదు, పేటలో మొదలుపెట్టండి. ‘భూమి లేదు’ అన్న జవాబు దగ్గర కాగితం మడవకండి, అక్కడే రెండో పేజీ తెరవండి. విస్తరణ పాఠం చెప్పే ఉపాధ్యాయులు గంట గీతతో పాటు 1976 నాటి, 1983 నాటి రోజర్స్‌నీ చెప్పండి. కౌలు కార్డుల కోసం, కూలి రేట్ల కోసం కొట్లాడుతున్న కార్యకర్తలకి ఈ ఐదు గడుల లెక్క పనికొస్తుంది, ఎందుకంటే ఆఫీసుల్లో చెల్లేది లెక్కే. మేము రెండు నిమిషాల్లో వదిలేసి వచ్చిన ఇళ్లు ఇంకా చాలా ఉన్నాయి. ముందు వాటికి తిరిగి వెళ్లాలి.