అపరిచితుడు ఎవరు? జబ్బు ముసుగులో ధర్మశాస్త్రం

2005లో శంకర్ తీసిన తమిళ సినిమా 'అన్నియన్' అదే యేడు 'అపరిచితుడు' పేరుతో తెలుగులోకి దిగింది. పట్నాల్లోనూ పల్లెల్లోనూ జనం విరగబడి చూశారు. మన వాడల కుర్రాళ్ళూ యీలలేశారు. యీల వేసినోళ్ళను తప్పుబట్టి లాభం లేదు. ఒక మనిషి ముగ్గురుగా చీలిపోయాడన్న కథ చాటున యే ధర్మానికి మన చేత యీల వేయించుకున్నారన్నదే తేల్చుకోవాల్సిన సంగతి.

కథ చాలామందికి తెలిసిందే. మద్రాసు తిరువల్లిక్కేణిలో రామానుజం అనే అయ్యంగార్ కుర్రాడు. యింట్లో 'అంబి'. వృత్తి వకీలు. యెవరు నిబంధన తప్పినా ఓర్చుకోలేడు, తప్పినోణ్ణి యేమీ చేయలేడు. అతని లోపలి నుంచి 'అపరిచితుడు' లేస్తాడు. గరుడపురాణం తీసి అంధకూపం, కుంభీపాకం, కృమిభోజనం అని శిక్షలు వేసి చంపుతాడు. ప్రేమించిన నందిని కాదన్నాక 'రెమో' అనే సోకులరాయుడు మూడోవాడిగా పుడతాడు. చిన్నప్పుడు వాననీళ్ళలో కరెంటు కొట్టి చెల్లెలు కళ్ళ ముందే చనిపోవడం యీ చీలికకు మూలమని సినిమా చెప్తుంది.

యీ చీలికను తెరమీద యెట్లా చూపించారో ముందు చూద్దాం. అంబికి వెనక్కి కట్టిన జుట్టు, నుదుట నామం, ఒదిగిన భుజాలు, సన్నటి గొంతు. అపరిచితుడికి మొహం మీద పడ్డ జుట్టు, బొంగురు గొంతు, విరుచుకున్న రొమ్ము. కరాటే బళ్ళో జరిగే పోరాటంలో వరసగా పెట్టిన అనేక కెమెరాలతో మనిషిని గాల్లో నిలబెట్టేసి, చుట్టూ తిప్పి చూపిస్తారు. 'మేట్రిక్స్' (1999) తర్వాత లోకమంతా పాకిన పద్ధతి యిది. దాన్ని వట్టి హంగు అనుకుంటే పొరపాటే. పోరాడేవాడి కోసం కాలమే ఆగిపోయిందంటే వాడు మామూలు మనిషి కాదని చెప్పడమే గదా! పురాణం చేతబట్టినవాడికి కెమెరా దేవుడి హోదా యిచ్చేసింది. అంబిని చూసి జాలిపడతాం, అపరిచితుణ్ణి చూసి దణ్ణం పెడతాం.

అన్నిటికన్నా గట్టి సన్నివేశం పోలీసు విచారణ. డీసీపీ ప్రభాకర్ (ప్రకాష్‌రాజ్) చావగొడుతుంటే, ఒకే గదిలో విక్రమ్ క్షణానికోసారి అంబి అవుతాడు, అపరిచితుడవుతాడు. జుట్టు, గొంతు, వెన్నెముక, యీ మూడిటితోనే మార్పంతా చూపిస్తాడు. నటుడిగా అతని ప్రతిభను కాదనలేం. కానీ ఆ సన్నివేశం తనకు తెలియకుండానే ఒక నిజం బయటపెట్టింది. యీ యిద్దరి మధ్యా గోడ లేదు. లా పుస్తకం చదివిన నోరు వేడుకుంటోంది, పురాణం చదివిన నోరు గర్జిస్తోంది. నోరు మాత్రం ఒకటే.

యిక మనస్తత్వశాస్త్రం సంగతి. సినిమా దీన్ని 'మల్టిపుల్ పర్సనాలిటీ డిసార్డర్' అంటుంది. అమెరికా మానసిక వైద్యుల సంఘం 1994లోనే ఆ పేరు మార్చి 'డిసోసియేటివ్ ఐడెంటిటీ డిసార్డర్' అని పెట్టింది. మనిషిలో వేర్వేరు మనుషులు కాపురం ఉండటం కాదు, ఒక్క మనిషి తనను తాను ఒక్కటిగా కూడగట్టుకోలేకపోవడం అన్నది ఆ మార్పు వెనక ఆలోచన. దీర్ఘకాలం హింస పడ్డ బాల్యంతో దాన్ని ముడిపెట్టే వైద్యులే యెక్కువ. సినిమాకి ఆ గొడవ పట్టలేదు. దానికి జబ్బు కావాల్సింది జబ్బుగా కాదు, వకాల్తాగా. స్టీవెన్‌సన్ 1886లో రాసిన జెకిల్, హైడ్ కథలో పెద్దమనిషి లోపల దాగినవాడు నీచుడు. వాణ్ణి చూసి పెద్దమనుషుల సమాజం సిగ్గుపడాలి. శంకర్ సినిమాలో అగ్రహారపు అబ్బాయి లోపల దాగినవాడు ధర్మరక్షకుడు. లోపలికి తవ్వేకొద్దీ యింకా పవిత్రుడే కనపడతాడు!

చంపింది అపరిచితుడు, చేతులు కడిగిన నీళ్ళలా అంబి శుభ్రం. కోర్టు కూడా అట్లాగే అంటుంది. ఉరి లేదు, వైద్యం. మతిస్థిమితం లేనివాడి చర్యను నేరంగా చూడకూడదని అప్పటి ఐపీసీ 84వ సెక్షను చెప్పింది, నిజమే. ఆ రక్షణ ఉండాల్సిందే. మరి మనుస్మృతి యెనిమిదో అధ్యాయం యేమంటోంది? మిగతా వర్ణాలకు మరణశిక్ష పడే చోట బ్రాహ్మణుడికి తల గొరిగిస్తే చాలునంటోంది. గరుడపురాణం ప్రకారం చంపినవాడికి మనుస్మృతిని తలపించే తీర్పు ఆధునిక కోర్టులో, డాక్టరు సాక్ష్యంతో దొరికింది. దీన్ని యాదృచ్ఛికం అనుకునేవాళ్ళు అనుకోవచ్చు.

అపరిచితుడి వాదన ఒకటే. చట్టం పనిచేయడం లేదు గనుక పురాణం కావాలి. సరే, చట్టం యెవరి విషయంలో పనిచేయలేదు? 1991 ఆగస్టు 6న గుంటూరు జిల్లా చుండూరులో దళితుల్ని వేటాడి నరికి, గోనె సంచుల్లో కుక్కి కాలవలో పడేశారు. యెనిమిది ప్రాణాలు పోయాయి. బాధితులు యే పురాణమూ తెరవలేదు. 1989 నాటి అత్యాచార నిరోధక చట్టాన్ని పట్టుకున్నారు. ఊళ్ళోనే ప్రత్యేక కోర్టు పెట్టాలని పట్టుబట్టి సాధించుకున్నారు. 2007లో ఆ కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014లో హైకోర్టు ఆ శిక్షల్ని కొట్టేసింది. చట్టం మీద కోపం తెచ్చుకునే హక్కు యెవరికన్నా ఉంటే వాళ్ళకుంది. అయినా చట్టాన్ని వదల్లేదు, యెందుకంటే దానికి ముందున్న శిక్షాస్మృతి యేదో వాళ్ళకి తెలుసు. రైల్లో పాడైన కూడు పెట్టారని, బ్రేకు వైరు నాసిరకమని అంబికి రాజ్యాంగం మీదే విసుగొస్తుంది. ఆ విసుగును 'సామాన్యుడి ఆగ్రహం' అని మనకు అమ్మారు.

చివరి సన్నివేశం యింకా తేటగా చెప్తుంది. రెండేళ్ళ వైద్యం తర్వాత అంబి బాగయ్యాడు, నందినితో పెళ్ళయింది. రైల్లో వెళ్తుంటే, చెల్లెలి చావుకు కారణమైన కరెంటు పనివాడు తాగుతూ కనిపిస్తాడు. అంబి వాణ్ణి బయటికి తోసేసి, యేమీ జరగనట్టు భార్య దగ్గరికొచ్చి కూర్చుంటాడు. అంటే చీలిక నయమైంది, ధర్మశాస్త్రం మాత్రం లోపలే ఉండిపోయింది. యిప్పుడు వకాల్తాకి జబ్బు కూడా అక్కర్లేదు. అదే 2005లో వచ్చిన 'చంద్రముఖి'లో గంగ అనే ఆడమనిషి కూడా యిట్లాగే చీలింది. ఆమెలోంచి రెండోమనిషిని వెళ్ళగొట్టాకే కథ సుఖాంతమైంది. మగవాడి రెండోమనిషికి మాత్రం శాశ్వత నివాసం. పైగా ఆఖరి శిక్ష పడింది మంత్రికీ కాదు, యింజనీరుకీ కాదు, స్తంభం యెక్కి బతికేవాడికి.

యిదంతా చూశాక అడగాల్సిన ప్రశ్న, యీ దేశంలో నిజంగా రెండుగా బతికేది యెవరు? 1917లో విదేశాల్లో చదివి తిరిగొచ్చి బరోడా సంస్థానంలో కొలువుకి వెళ్ళిన అంబేద్కర్‌కి ఊళ్ళో గది దొరకలేదు. ఒక పారశీ సత్రంలో పారశీ పేరు పెట్టుకొని దిగాడు. పై అంతస్తులో విరిగిన సామాన్ల మధ్య, చిన్న లాంతరు వెలుగులో, గబ్బిలాల చప్పుడులో వొంటరిగా గడిపాడు. పదకొండో రోజు పొద్దున కర్రలు పట్టుకొచ్చి వెళ్ళగొట్టారు. 'వీసా కోసం ఎదురుచూపు'లో ఆయనే రాసుకున్నాడు. అక్కడ మెదడులో జబ్బేమీ లేదు, జబ్బు సత్రం వాకిట్లో కర్రలు పట్టుకొని నిలబడింది. యీ రోజుకీ అద్దె యిల్లు అడిగేటప్పుడు యింటిపేరు మింగేసే మనవాళ్ళు, హాస్టల్లో ఒక పేరుతో, వాడలో ఒక పేరుతో బతికే మన పిల్లలు ఆ చీలికనే మోస్తున్నారు. అంబికి తనలో యింకొకడున్నట్టు తెలియదు. వీళ్ళకి ప్రతి నిమిషం తెలుసు. తెలిసి బతకడమే ఆ బాధ.

'అన్నియన్' అంటే పరాయివాడు. ఊరి బయట నిలబెట్టి మన తాతముత్తాతలకి తగిలించిన పేరది. ఆ పేరును ఊరి నడుమ ఉన్నవాడు వేషంగా తొడుక్కొని, మన చేతే చప్పట్లు కొట్టించుకున్నాడు. సినిమా పాఠం చెప్పే అయ్యవార్లు, సినిమా తీయాలనుకునే మన పిల్లలు ఆ సత్రం గది మీద ఒక్కసారి కెమెరా పెట్టి చూడాలి. కాలాన్ని గాల్లో ఆపడానికి అక్కడ వరస కెమెరాలక్కర్లేదు. మెట్ల మీద అడుగుల చప్పుడు వింటూ లోపల కూర్చున్న మనిషి మొహం చాలు.