'అంపశయ్య' నవల: హాస్టలు జీవితం - శిల్పం

నవీన్ రాసిన 'అంపశయ్య' నవల 1969లో వెలువడింది. రచయిత అసలు పేరు దొంగరి మల్లయ్య. ఈ నవల వచ్చాక పాఠకులు ఆయనను 'అంపశయ్య నవీన్' అని పిలవసాగారు. ఒక రచన రచయితకు ఇంటిపేరులా స్థిరపడటం అరుదైన విషయం.

కథానాయకుడు రవి. పల్లె నుంచి వచ్చి, ఉస్మానియా విశ్వవిద్యాలయం హాస్టల్లో ఉంటూ చదువుకుంటున్న పేద విద్యార్థి. ఒక రోజు, ఉదయం నుంచి రాత్రి వరకు సుమారు 16 గంటల పాటు అతని మనసులో సాగే ఆలోచనలే ఈ నవలకు వస్తువు. ఈ కథనపద్ధతిని చైతన్యస్రవంతి శిల్పం అంటారు.

అనుకరణా? అవసరమా?

జేమ్స్ జాయిస్ 1922 నాటి 'యులిసిస్' నవలలో ఒకే రోజు కథను ఈ శిల్పంతోనే చెప్పాడు. కనుక 'అంపశయ్య' పాశ్చాత్య అనుకరణేనా అనే ప్రశ్న సహజంగా వస్తుంది. శిల్పం బయటి నుంచి వచ్చిన మాట నిజమే. అయితే అది ఎక్కడిది అన్నదాని కన్నా, ఈ వస్తువుకు అది అవసరమా కాదా అన్నది ముఖ్యం.

హాస్టలు జీవితాన్ని గమనించండి. నిద్ర, స్నానం, భోజనం, చదువు అన్నీ నలుగురి మధ్యే జరుగుతాయి. ఎవరి చొక్కా పాతదో, ఎవరి చేతిలో డబ్బు లేదో అందరికీ తెలిసిపోతుంది. ఇంట్లో దాచుకోగల పేదరికాన్ని ఇక్కడ దాచుకోలేరు. అటువంటి చోట విద్యార్థికి తనదంటూ మిగిలే ఏకాంతం మనసు ఒక్కటే. బయట మౌనంగా ఉన్నవాడు లోపల ఎడతెగకుండా మాట్లాడుకుంటాడు. రవి చేసేది అదే. కాబట్టి ఈ శిల్పం నవలకు అలంకారం కాదు, వస్తువులో నుంచే పుట్టిన అవసరం.

శీర్షిక

భీష్ముడు తన ఇష్టంతో అంపశయ్యను స్వీకరించాడు. రవి కూడా చదువును కోరుకునే వచ్చాడు. కానీ ఇంటివారి ఆశలు, డబ్బు ఇబ్బందులు, యౌవనపు కోరికలు, పరీక్షల భయం అతనికి బాణాలయ్యాయి. గోపీచంద్ 'అసమర్థుని జీవయాత్ర'లోని సీతారామారావు ఉన్న ఆస్తిని పోగొట్టుకుని పతనమవుతాడు. రవికి పోగొట్టుకోవడానికి ఆస్తి లేదు, ఉన్నది చదువు అనే అవకాశం ఒక్కటే. ఇద్దరూ అంతర్ముఖులే అయినా వారి వేదనల మూలాలు వేరు. రవి వేదనకు వర్గమూలం ఉంది.

పరిమితి

ఒక్కరి చైతన్యంలో నుంచే లోకాన్ని చూపడం వల్ల ఒక లోపం తప్పలేదు. స్త్రీలు రవి కోరికల్లో, భయాల్లో కనిపిస్తారే తప్ప వారి సొంత ఆలోచనలు మనకు అందవు. అదే విశ్వవిద్యాలయంలో చదివే ఒక అమ్మాయి రోజు ఎలా గడుస్తుందో ఈ నవల చెప్పదు. రవి చూపును రచయిత తీర్పుగా పొరబడకుండా చదవడం పాఠకుని బాధ్యత.

హాస్టలు జీవితం ఎరుగని దూరవిద్య విద్యార్థులకూ ఈ నవల దగ్గరగానే ఉంటుంది. ఉద్యోగం, సంసారం నడుమ చదువుకునేవారికి ఏకాంతం దొరకకపోవడం కొత్త విషయం కాదు.

అభ్యాసం: రవి కథను చైతన్యస్రవంతిలో కాక, సర్వసాక్షి కథనంలో చెప్పి ఉంటే ఏది పోయేది? ఏది దక్కేది? సొంత మాటల్లో చర్చించండి.