బాణం పైకి, బాణం కిందికి

గర్భిణికి బీపీ చూడడంలో కష్టమేముంది అనిపిస్తుంది. దండకు పట్టీ చుట్టి, గాలి కొట్టి, అంకె రాసుకోవడమే కదా! కానీ మామూలు జనం కోసం తయారైన ఆటోమేటిక్ మిషన్లలో చాలావాటికి గుర్రపువాతం (గర్భంతో బీపీ పెరిగే ప్రీ-ఎక్లాంప్సియా) ఉన్న తల్లి దగ్గర లెక్క తప్పుతుంది. రక్తనాళాల తీరు మారి, ఒంటికి నీరు పట్టి ఉంటుంది కాబట్టి, ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తాయి. ఎవరి బీపీ ఖాయంగా తెలియాలో వాళ్ల దగ్గరే బోల్తా కొడతాయన్నమాట. లండన్ కింగ్స్ కాలేజీలో ప్రసూతి వైద్యుడు ఆండ్రూ షెన్నన్ బృందం మైక్రోలైఫ్ కంపెనీతో కలిసి తెచ్చిన ‘క్రేడిల్’ పరికరాన్ని గర్భిణుల మీద, గుర్రపువాతం ఉన్నవాళ్ల మీద కూడా విడిగా సరిచూశారు.

దాని పనితనం దగ్గరగా చూడాల్సిందే. గాలి ఎక్కించే మోటారు లేదు. రబ్బరు బుడ్డిని చేత్తో నొక్కాలి, కొలత మాత్రం మిషనే తీసుకుంటుంది. మోటారు లేదు కాబట్టి కరెంటు ఖర్చు తక్కువ. చార్జింగుకు సెల్‌ఫోన్ చార్జర్ చాలు. నల్లమల గూడెంలో సిగ్నల్ అందకపోయినా దాని పని ఆగదు. అంకెలతో పాటు మూడు రంగుల దీపాలు ఉంటాయి. పై బీపీ 140కి గానీ కింది బీపీ 90కి గానీ చేరిందా, పసుపు వెలిగి బాణం పైకి చూపుతుంది. 160 గానీ 110 గానీ అయితే ఎరుపు.

నాకు ఎక్కువ నచ్చింది రెండో బాణం. కాన్పయ్యాక రక్తం పోతున్న తల్లికి బీపీ వెంటనే పడిపోదు. గుండె వేగం పెంచి కాసేపు దాన్ని నిలబెడుతుంది. పై బీపీ 110, నాడి 112 ఉందనుకోండి. బీపీ ఒక్కటే చూసినవాళ్లు బాగానే ఉందంటారు. ఈ పరికరం ఊరుకోదు. నాడిని పై బీపీతో భాగిస్తుంది. ఇక్కడ 1 దాటింది. 0.9కి చేరితేనే పసుపు, 1.7 అయితే ఎరుపు, బాణం కిందికి. అర్ధరాత్రి సబ్‌సెంటర్లో ఒంటరిగా ఉన్న ఏఎన్‌ఎంకు భాగహారం లెక్క పెట్టకుండా, ఆ బరువు మిషనే మోస్తుంది. ఇంజినీరుకు ఆవిడ గుర్తున్నట్టే ఉంది.

2016-17లో 8 దేశాల్లో, 10 చోట్ల దీన్ని పరీక్షించారు. మన దేశంలో కర్ణాటకలోని గోకాక్‌లో. మొత్తం 5 లక్షలకు పైగా కాన్పులు. ఆ కాలంలో ప్రమాదాలు కొంత తగ్గాయి గానీ అది పరికరం వల్లేనని తేలలేదు. ఆశ్చర్యమేమీ లేదు. ఎర్రదీపం వెలిగాక బండి, డాక్టరు, మెగ్నీషియం సల్ఫేట్ సూది ఉండాలి కదా.

దీపం తర్వాతి దారిని పట్టించుకున్నది తెలుగు నేల మీద జరిగిన మరో పని. హైదరాబాదులో కార్యాలయం ఉన్న జార్జ్ ఇన్‌స్టిట్యూట్ పశ్చిమ గోదావరిలో 18 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల పరిధిలో ఆశాల చేతికి ట్యాబ్ ఇచ్చి, గుండెజబ్బు ముప్పును ఇంటి గడపలోనే లెక్కగట్టించింది. అదే పద్ధతిని గర్భిణుల కోసం మలిచి గుంటూరు జిల్లాలో, హర్యానాలోని ఝజ్జర్‌లో చిన్న ఎత్తున చేసి చూశారు. రక్తహీనత, బీపీ, షుగర్ ఈ మూడింటి మీదే గురి. ఇంటికొచ్చి చూసేది ఆశా, ముప్పు ఎంతో చెప్పేది ట్యాబ్, ఆపైన మందు సంగతి డాక్టరుది. ప్రతి నెలా 9న ఆసుపత్రుల్లో గర్భిణులకు ప్రత్యేక పరీక్షలు ఎలాగూ ఉన్నాయి. కానీ గుర్రపువాతం ముదరడానికి నెల అక్కర్లేదు, రోజులు చాలు. నడుమ గడప తొక్కే మనిషి విలువ అక్కడుంది.

అయితే ఆ గడపే కదిలిపోతే? కర్నూలు జిల్లా సంగతి చూడండి. ఆదోని, కోసిగి, పెద్దకడుబూరు వైపు వానలు మొండిచేయి చూపితే ఊళ్లకు ఊళ్లే సుగ్గికి, అంటే కూలి వలసకు పోతాయి. పత్తి తీయడానికి, మిరపకాయలు కోయడానికి ఎక్కువమంది దిగేది ఆ గుంటూరు వైపే. వాళ్లలో నిండు నెలల ఆడవాళ్లూ ఉంటారు. వలస లేని చోట్లయినా తొలి కాన్పుకు పుట్టింటికి పోవడం మామూలే. పరీక్షల కార్డు చేతిలో ఉంటుంది గానీ, ఆమె బీపీ పోయిన నెల ఎంతో తెలిసిన ఆశా వెనకనే ఉండిపోతుంది. ఇంటి దగ్గరే పరీక్ష అన్నవాళ్లు ఇల్లు కదలదనుకున్నారు. ఇంత నేర్పుగా చేసిన సరంజామాలో నాకు వెలితిగా తోచింది ఇదొక్కటే. గర్భిణి పేరు ఎక్కించేటప్పుడే ‘వచ్చే నెల ఎక్కడుంటావమ్మా?’ అని అడిగి రాసుకుని, ఆ ఊరి ఆశాకు ముందే కబురు పంపే ఏర్పాటు ట్యాబ్‌లో ఉండాలి. సుగ్గి బండి కదిలేది రాత్రికి రాత్రే కాబట్టి, ఆ ప్రశ్న మొదటి పరీక్ష నాడే అడగాలి.