యానాం కాగితాలకు చదువరులు కావాలి

మా హైదరాబాద్ కొత్తగూడలో ఆఫీసు నుంచి వచ్చాక ఫ్రెంచి ఆన్‌లైన్ క్లాసుకు కూర్చునే పిల్లలు కనిపిస్తున్నారు. కెనడా శాశ్వత నివాసానికి (పీఆర్) పాయింట్లు కలుస్తాయట. వాళ్లను చూస్తే నాకు ఒకప్పుడు ఫ్రెంచివాళ్లు ఏలిన యానాం గుర్తొస్తుంది.

చరిత్రకారుడు జె.బి.పి. మోర్ ఏళ్ల తరబడి ఫ్రెంచి ఇండియా మీద పనిచేశారు. 2007లో యానాం, మచిలీపట్నం తెలుగువాళ్ల మీద ఇంగ్లిషులో పుస్తకం తెచ్చారు. తెలుగులో బొల్లోజు బాబా ‘ఫ్రెంచి పాలనలో యానాం’ రాశారు. అంత చరిత్ర ఉన్న ఊరికి ఇలాంటి పుస్తకాలు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే. కారణం నాకు తెలిసి ఒకటే. అక్కడి సర్కారు కాగితం ఫ్రెంచిలో ఉంది, మనిషి జ్ఞాపకం తెలుగులో ఉంది. రెండూ వచ్చినవాళ్లు తక్కువ.

ఫ్రెంచి పద్ధతి పెళ్లి రిజిస్టరు తీయండి. తేదీ, వధూవరుల పేర్లు, వయసు, వృత్తి, తల్లిదండ్రులు, సాక్షులు, చివర సంతకాలు. ఒక్క పేజీ చూస్తే ఏమీ తెలియదు. ముప్ఫై నలభై ఏళ్లవి వరుసగా చదివితే ఊరు కదులుతుంది: ఎవరి కొడుకు గుమాస్తా అయ్యాడో, ఏ ఇంటికి ఏ ఇంటివాళ్లు సాక్షులుగా వెళ్లారో బయటపడుతుంది. 1881 డిక్రీ తర్వాత సొంత ఆచార చట్టాన్ని వదులుకుని ఫ్రెంచి సివిల్ కోడ్ కిందికి వెళ్లినవాళ్లు ఇంటిపేరు కూడా నమోదు చేయించుకోవాల్సి వచ్చేది. వంశాలు పట్టుకోవడానికి చరిత్రకారుడికి అంతకన్నా ఆధారం ఏం కావాలి!

కాగితానికి అందనివీ ఉన్నాయి. బాల్యవివాహాలను అడ్డుకునే శారదా చట్టం 1930లో అమల్లోకి వచ్చాక, అది చెల్లని యానాంకు బ్రిటిష్ ఆంధ్ర నుంచి ఆ పెళ్లిళ్లు తరలివెళ్లాయి. ఊరికి కల్యాణపురమన్న పేరొచ్చింది. ఆ పెళ్లిపీటల మీద కూర్చున్న పసిపిల్లల మాట ఏ రిజిస్టరులో వెతుకుతాం? ఇళ్లకు వెళ్లి అడగాల్సిందే.

అడగడానికీ ఆట్టే వ్యవధి లేదు. 1954 నవంబరు 1న యానాం పాలన మన దేశం చేతికొచ్చింది. ఆనాడు ఫ్రెంచి బడిలో ఉన్న పదేళ్ల పిల్లవాడు ఇప్పుడు ఎనభై దాటిన పెద్దాయన.

ఫ్రెంచి నేర్చుకుంటున్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, పరీక్ష అయ్యాక పుస్తకాలు అటకెక్కించకండి. లింగంపల్లిలో గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి కాకినాడ, అక్కడి నుంచి యానాం ముప్ఫై కిలోమీటర్లు. ఆ పెద్దవాళ్ల దగ్గర కూర్చోండి, చెప్పింది చెప్పినట్టు రికార్డు చేసుకోండి, వాళ్ల ఇంట్లో పాత కాగితాలుంటే చదివి పెట్టండి.